అట్టముక్క మీద పసిఫిక్

ఇలాంటివి మామూలుగా పోయినవాళ్ల గురించి రాస్తారు. మా మేడమ్ పోలేదు. కెనడాలో నేనుండే నార్త్ యార్క్ నుంచి అరగంట దూరంలో, వాన్ అనే ఊళ్లోని ఒక వేర్‌హౌస్‌లో, ఈపాటికి ఏదో వరసలో నిలబడి అట్టపెట్టెలు లెక్క చూస్తూ ఉంటుంది. రెండేళ్లు నేను ఆవిడను చూడటానికి వెళ్లలేదు. ఆ సంగతి ముందే ఒప్పేసుకుంటే మిగతాది రాయడం కాస్త సులువని ఇక్కడే చెప్పేస్తున్నాను.

మొన్న మంగళవారం మా ఆఫీసులో కొత్తగా ఒకతను చేరాడు. స్పెయిన్‌వాడు. ఎవరి డెస్కు నుంచి వాళ్లం కలిసిన ఆన్‌లైన్ పరిచయాల మీటింగ్‌లో తన ఇంటిపేరు చెప్పి, దానికి అర్థం ‘జపాన్’ అన్నాడు. అందరూ నవ్వారు. అతనికి ఆ నవ్వు అలవాటైనట్టుంది, ఓపిగ్గా చెప్పాడు. నాలుగు వందల ఏళ్ల కిందట జపాన్ నుంచి ఒక సమురాయ్ యోధుడు రాయబారిగా వాళ్ల దేశానికి వచ్చాడట. తిరుగు ప్రయాణంలో అతని పరివారంలో కొందరు కదలకుండా ఒక నది ఒడ్డు ఊళ్లో ఉండిపోయారట. ఆ ఊళ్లో ఇప్పటికీ వందల మందికి ఇదే ఇంటిపేరట. నేను మ్యూట్‌లో ఉన్నాను కాబట్టి సరిపోయింది. లేకపోతే “ఇది మా మేడమ్ ఎప్పుడో చెప్పింది” అని అరిచేసేదాన్ని.

చదువుకుంటూ పార్ట్‌టైమ్‌గా, తర్వాత ఫుల్‌టైమ్‌గా, మొత్తం మూడేళ్లు నేను ఆ వేర్‌హౌస్‌లో పనిచేశాను. నేను చేరేసరికే అక్కడ అందరూ ఆవిడను మేడమ్ అనేవారు. పంజాబీ ఆంటీలు కూడా అలాగే పిలిచేవారు. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు హైస్కూల్లో పదహారేళ్లు సోషల్ చెప్పి, నలభయ్యో ఏట స్టూడెంట్ పర్మిట్ మీద కెనడా వచ్చింది. భర్తకు కోర్టు రోడ్డులో జిరాక్స్ షాపు. ఒక్కతే కూతురు, మేడమ్ బయల్దేరేనాటికి దానికి పదిహేనేళ్లు. రెండేళ్లు చదివి, ఇక్కడే స్థిరంగా ఉండనిచ్చే పీఆర్ తెచ్చుకుని, ఇద్దర్నీ పిలిపించుకోవాలన్నది ఆలోచన. ఇంతకుమించి ఆవిడ జీవిత చరిత్ర నాకు తెలియదు. అడిగితే చెప్పేది కాదు.

పెట్టె మీద మార్కర్‌తో నంబరు రాశాక, వేళ్ల కొసలు నోటి దగ్గరకు తెచ్చుకుని ఉఫ్‌మని ఊదేది. అక్కడ సుద్దపొడి ఉండదు. అయినా ప్రతిసారీ ఊదేది. వరసలకు గోడల మీద అంకెలున్నా ఆవిడ లెక్కలో అవి ఎయిత్ ఏ, ఎయిత్ బీ, నైన్త్ ఏ. “నైన్త్ బీల రెండు పెట్టెలు ఆబ్సెంట్” అంటే కొత్తవాళ్లు బిత్తరపోయేవారు. నాకు మొదటివారమే ‘లాస్ట్ బెంచ్’ అని పేరు పెట్టేసింది. మాట వింటూ కిటికీలోంచి చూస్తానట. ఆ వేర్‌హౌస్‌కు కిటికీలే లేవు, ట్రక్కులు వచ్చి ఆగే తలుపులు తప్ప.

ఇంకో అలవాటుండేది. చేతులు తుడుచుకునే కాగితం ఒకటి ఎక్కువ లాగి, నాలుగు మడతలు పెట్టి, సేఫ్టీ వెస్ట్ లోపల గుండె దగ్గర దోపుకునేది.

“సమురాయ్ గూడ గిట్లనే పెట్టుకుంటుండె” అనేది. “గాలి మంచిగ లేక వాళ్ల ఓడ ఫ్రాన్సుల ఒక ఊరికాడ ఆగింది. ఈయన అంగీల నుంచి కాగితం తీసి, ముక్కు చీది, రోడ్డు మీద పడేసిండు. ఆ ఊరోళ్లు ఉరికొచ్చి ఏరుకున్నరు. ముక్కు తుడిచిన కాగితం! దాసుకున్నరట.”

“ఛీ” అన్నాను నేను.

“ఛీ ఏంది? ఇంత దూరం పోయినోని దగ్గర ఏది దొరికితే అదే చరిత్ర.”

పన్నెండున్నరకు లంచ్. అరగంట. మైక్రోవేవ్ ముందు వరస కరిగేలోపు పది నిమిషాలు పోయేది. మిగిలిన ఇరవై నిమిషాల్లో మేడమ్ కథ చెప్పేది. అది ఎప్పుడూ ఆ ఒక్క కథే. లాకర్ తలుపు లోపలివైపు ఒక అట్టముక్క అంటించి ఉండేది, చింపిన పెట్టె మూత. దాని మీద మార్కర్‌తో ఎడమ చివర జపాన్, మధ్యలో మెక్సికో, ఆ పక్కన హవానా, కుడివైపు స్పెయిన్, రోమ్. జపాన్‌కూ మెక్సికోకూ మధ్య పసిఫిక్. అట్ట ముడత సరిగ్గా పసిఫిక్ మీద పడింది. ఆ అట్ట తెచ్చి టేబుల్ మీద పెట్టి, చికెన్ ఫ్రై డబ్బా కింద నుంచి సముద్రాన్ని లాగి మరీ చెప్పేది. ఉత్తరాన ఒక ప్రభువు ఓడ కట్టించాడు. వ్యాపారానికి ఒప్పందం కుదుర్చుకు రమ్మని, ఉత్తరాలిచ్చి ఈ సమురాయ్‌ను పంపాడు. ఇతను అంత గొప్పవాడేం కాదు, మధ్యరకం కొలువు. పసిఫిక్ దాటాడు, మెక్సికో దాటాడు, అట్లాంటిక్ దాటాడు. స్పెయిన్ రాజును చూశాడు. పోప్‌ను చూశాడు. అడిగిన ఒప్పందం మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ‘చూద్దాం, ఆగు’ అన్నారు. ఆగాడు.

“ఎంతకాలం మేడమ్?” అని ఫోర్క్‌లిఫ్ట్ నడిపే సత్తిబాబు ప్రతిసారీ అడిగేవాడు. అమలాపురం దగ్గరివాడు. కథంతా తెలుసు, అయినా అడిగేవాడు.

“పోవుడు, అచ్చుడు కలిపి ఏడేండ్లు.”

“ఆయ్, మనకంటే నయమేనండి.”

నవ్వేవాళ్లం. అక్కడ కూర్చున్నవాళ్లందరికీ ఏదో ఒక ఇమిగ్రేషన్ ఫైలు ఎక్కడో ఒక చోట ఆగి ఉండేది, అందుకని ఆ నవ్వులో ఎవరి వాటా వాళ్లకుండేది. అలా ఆ ఊళ్ల పేర్లు మాకు వాడుకమాటలైపోయాయి. “మేడమ్, ఫైలు ఎందాకా వచ్చింది?” అంటే “ఓడ ఇంక కడుతున్నరు” అనేది. పర్మిట్ రెన్యూవల్ వచ్చిన రోజున “మెక్సికోల దిగిన” అంది. అప్లికేషన్‌కు కాగితాలు పంపి నెలల తరబడి జవాబు లేనప్పుడు “హవానాల ఉన్న, గాలి లేదు” అనేది. ఆవిడ చెప్పే ఊళ్లన్నీ వెళ్లే దారిలోవే. వచ్చే దారి ఊళ్లు ఒక్కసారి కూడా చెప్పుకోలేదు.

ఆ దారి గురించి కథలోనూ అంతే. స్పెయిన్ నుంచి వెనక్కి మళ్లాక మేడమ్ వేగం పెంచేసేది. నది ఒడ్డు ఊళ్లో కొందరు ఉండిపోయిన సంగతి మాత్రం నిదానంగా చెప్పేది. “వాళ్ల పేర్లు ఎవరికి తెల్వయి. మనకు ఊరి పేరు ఇంటిపేరైతది సూడు, వాళ్లకు దేశం పేరే ఇంటిపేరైంది” అనేది. అక్కణ్నుంచి ఒక్క ఊపులో మెక్సికో, మళ్లీ పసిఫిక్, మనీలా. “మనీలాల ఓడ దొరకక రెండేండ్లు ఆగిండు. ఇంటికి దగ్గరికొచ్చి ఆగిండు. కొడుకుకు ఉత్తరం రాసిండు, వస్తున్న అని.” అంతే, డబ్బా మూత పెట్టేసేది.

“తర్వాత?”

“బెల్లు కొట్టిండ్రు. లేవుండ్రి.”

బెల్లు చాలాసార్లు కొట్టేవారు కాదు. అయినా లేచేవాళ్లం.

ఇప్పుడు కేక్ సంగతి. ఎన్నిసార్లు తలుచుకున్నా చెవులు వేడెక్కే సంగతి.

ఒకసారి మేడమ్‌కు పర్మిట్ ఫారం ఆన్‌లైన్‌లో నింపడానికి సాయం చేశాను. ఆ పర్మిట్ ఆ ఒక్క వేర్‌హౌస్‌కే. అక్కడ తప్ప దేశంలో మరెక్కడా పనిచేయకూడదు. పాస్‌పోర్ట్‌లో పుట్టినరోజు కనిపించింది, వచ్చే నెలలోనే. ఎవరి పుట్టినరోజు తెలిసినా చేతులు ముడుచుకు కూర్చోలేని రోగం నాది. వాన్‌లోనే ఒక ఇండియన్ బేకరీలో ఎగ్‌లెస్ కేక్ చెప్పాను. మీద ‘మేడమ్’ అని రాయించాను. పైన అంకెల కొవ్వొత్తులు రెండు గుచ్చాను, ఒక నాలుగు, ఒక ఐదు. లంచ్‌కు అందర్నీ పోగుచేసి, పంజాబీ ఆంటీల చేత చప్పట్లు కొట్టించాను.

మేడమ్ తలుపు దగ్గరే ఆగిపోయింది. ఆ రెండు అంకెల వంక చూసింది. నేను చూసినంతలో ఆ అరనిమిషం ఒక్కసారే ఆవిడ చేతులకు ఏం చేయాలో తోచలేదు. తర్వాత వచ్చి, కొవ్వొత్తులు ఊది, వేళ్ల కొసలు కూడా ఊదుకుని, కేక్ చక్కగా కోసింది. మొదటి ముక్క నాకే పెట్టింది.

“నలభై నాలుగు దాక ఐదు పాయింట్లన్న ఇచ్చిండ్రు, లాస్ట్ బెంచ్. ఇయ్యాల్టి నుంచి సున్నా. తినుండ్రి, మంచిగుంది.”

పీఆర్‌కు వయసుకిచ్చే పాయింట్లు ముప్ఫై నుంచి ఏటా తగ్గుతూ పోతాయని, నలభై అయిదుకు ఏమీ మిగలవని నాకు తెలియదు. నా వయసుకు నిండా మార్కులు. ఆ పట్టికలో కింది వరసల దాకా నేనెప్పుడూ చదవలేదు. మాలో మేం పుట్టినరోజులు చెప్పుకోకూడదన్నది ఆ బ్రేక్ రూమ్‌లో ముప్ఫై దాటిన ప్రతివాళ్లకూ తెలిసిన నియమమట. సత్తిబాబు బయటికి తీసుకెళ్లి చెప్పాడు.

“కేక్ అయితే కేక్ తెచ్చావ్, ఆ అంకెలెందుకమ్మా గుచ్చావ్? ఆవిడకి రెండు పుట్టినరోజుల గండం. ఇది ఒకటి. కూతురిది ఇంకోటి.”

“కూతురిదేంటి?”

“ఇరవై రెండు నిండాయంటే పిల్లలు మన ఫైల్లోకి రారండి. ఈలోగా అప్లికేషన్ పడాలి. పాయింట్లు పోయాయి కదా, ఇక ప్రావిన్స్ వాళ్లు, అదే ఇక్కడి రాష్ట్ర ప్రభుత్వం, నామినేషన్ ఇస్తేనే పీఆర్. ఆ పిల్లకి విజిటర్ వీసా కూడా రెండుసార్లు కొట్టేశారు.”

ఆ పిల్లకు అప్పటికి ఇరవై, అంటే ఇంకా రెండేళ్లు ఉన్నాయి. సాయంత్రం మేడమ్ దగ్గరకు వెళ్లి సారీ చెప్పాను. “పోనీ మీరే ఒకసారి వెళ్లి చూసి రావచ్చు కదా మేడమ్?” అని కూడా అన్నాను. ఒక తప్పు సరిపోనట్టు.

“పాస్‌పోర్ట్‌ల వీసా అయిపోయింది. బయటికి పోతే కొత్తది అడగాలె. ఇయ్యకపోతే? ఇన్నేండ్లు ఆగింది దేనికి?” అంది. తర్వాత, “పోవుడు ఎంతసేపు” అంది.

ఆ నెల తిరక్కముందే నాకు పీఆర్ ఇన్విటేషన్ వచ్చింది. చెబుదామా వద్దా అని మూడు రోజులు కొట్టుమిట్టాడాను. నాలుగో రోజు ఆవిడకే తెలిసిపోయింది. గుండె దగ్గర్నుంచి కాగితం మడత తీసి, మార్కర్‌తో ‘పదికి పది, వెరీ గుడ్’ అని రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చింది. “నువ్వు రోమ్ చేరినవ్” అంది. నిజంగా సంతోషించింది, అందులో నాకు అనుమానం లేదు. నేను మాత్రం బ్యాంకులో ఉద్యోగం రాగానే మళ్లీ అటు తొంగిచూడలేదు. ఆవిడ ముందు నిలబడితే నా వయసు నాకే తప్పుగా కనిపించేది. సిగ్గుతో రెండేళ్లు గడిపేశాను. ఫోన్ చేస్తే తీస్తుందని తెలిసీ చేయలేదు.

స్పెయిన్‌వాడు ఇంటిపేరు చెప్పిన రోజు ఇంటికి రాగానే లాప్‌టాప్ తెరిచి, మనీలా తర్వాత ఏమైందో చదివాను. సమురాయ్ ఇల్లు చేరేసరికి ఆ దేశం తలుపులు వేసుకుంటోంది. అతను స్పెయిన్‌లో తీసుకున్న క్రైస్తవ మతాన్ని అక్కడ నిషేధించారు. తెచ్చిన ఉత్తరాలు, బహుమానాలు ఎవరికీ అక్కర్లేదు. రెండేళ్లకు పోయాడు. కథ అక్కడితో ఆగలేదు. ఇరవై ఏళ్ల తర్వాత, ఇంట్లో పనివాళ్లు ఆ మతంవాళ్లని తేలి, అతని కొడుక్కి మరణశిక్ష వేశారు. మనీలా నుంచి ఉత్తరం అందుకున్న కొడుకు. తండ్రి చేసిన ప్రయాణానికి మూల్యం బిడ్డ చెల్లించాడు.

మేడమ్ డబ్బా మూత ఎందుకు పెట్టేసేదో అప్పుడు అర్థమైంది. చాలాసేపు ఏడ్చాను.

శనివారం వాన్ వెళ్లాను. వేర్‌హౌస్ పక్కన పార్కింగ్‌లో చెక్క బెంచీలుంటాయి, ఎండాకాలం లంచ్‌కు అక్కడే కూర్చుంటారు. పన్నెండున్నరకు మేడమ్ స్టీలు డబ్బాతో బయటికొచ్చింది. జుట్టు సగం తెల్లబడింది. నన్ను చూసి ఆగి, చూపుడువేలితో బెంచీ చివర చూపించింది.

“ఏందీ, లాస్ట్ బెంచ్? రెండేండ్లు ఆబ్సెంట్.”

క్షమాపణలు అన్నీ కారులో వరసగా పెట్టుకుని వచ్చాను. ఒక్కటీ నోటికి రాలేదు. స్పెయిన్‌వాడి సంగతి చెప్పాను. మేడమ్ ముద్ద కలపడం ఆపింది.

“నిజంగ ఉన్నరా? నువ్వు మాట్లాడినవా?”

“నా పక్క సీటే మేడమ్.”

“జపాన్ భాష వస్తదా?”

“ఒక్క ముక్క రాదు.”

తల ఊపింది. మళ్లీ ముద్ద కలిపింది. తర్వాత మెల్లగా అంది. “ఆ ఉండిపోయినోళ్లకు గూడ జపాన్‌ల పిల్లలుండే ఉంటరు. వాళ్ల ఇంటిపేరు ఏమైందో ఎవలు రాయలె.”

“మనీలా తర్వాత ఏమైందో చదివాను మేడమ్” అన్నాను.

“చదువుతవని తెల్సు.”

అప్పుడు చెప్పింది, నేను మూడేళ్లలో వినని ముక్క. ఆ కథ ఆవిడ వెతికి పట్టుకున్నది కూతురి కోసమేనట. ఆ పిల్ల చదివింది వాళ్ల స్కూల్లోనే. క్లాసులో తల్లిని అమ్మా అనకూడదు, మేడమ్ అనాలి. ఎనిమిదో తరగతిలో, ఐరోపావాళ్లు ఫలానా దేశం కనుక్కున్నారు, ఫలానా దారి కనుక్కున్నారు అని పాఠం చెబుతుంటే లేచి నిలబడి, “మేడమ్, మరి ఐరోపాను ఎవలు కనుక్కున్నరు?” అని అడిగిందట. జవాబు లేక వెతికితే సమురాయ్ దొరికాడు. మర్నాడు క్లాసులో చెప్పింది.

“ఆఖరుకు ఏం చెప్పారు?”

“ఓడ దిగిండు, కొడుకును ఎత్తుకున్నడు అని చెప్పిన. ఎనిమిదో తరగతి పిల్లలు. పరీక్షల రాదు గద, ఎవలు అడుగుతరు అనుకున్న.”

చెయ్యి కడుక్కుని వచ్చి ఫోన్ తీసి నా ముందు పెట్టింది. కూతురి మెసేజ్. మూడు వారాల కిందటిది.

“అమ్మా, ఇయ్యాల నాకు ఇరవై రెండు. ఇగ ఫైలు గురించి రంది పడకు. సమురాయ్ కొడుకును ఎత్తుకున్నడని నువ్వు చెప్పింది అబద్ధమని నాకు టెన్త్‌లనే తెల్సు. నువ్వు పోయినంక చదివిన. అయినా ఎవరికి చెప్పలె. ఏదన్న తెస్తేనే రావాల్నని లేదు. ఉత్త చేతులతోని రా.”

కింద ఏమీ లేదు. మేడమ్ జవాబు ఇవ్వలేదు.

“మూడు వారాలు, మేడమ్!”

“రోజు లంచ్‌ల తీస్త. ఏం రాయాలె? వస్త అంటే ఎట్ల వస్త? ఏడేండ్లకు ఏం చూపియ్యాలె దానికి? నామినేషన్ రాలె, పాయింట్లు లెవ్వు. రాను అంటే... అది రాయనీకి చెయ్యి రాదు.” డబ్బా మూత గట్టిగా నొక్కింది. “ఈడ నుంచి పోవద్దనేటోడు ఒక్కడు లేడు. తలుపు తీసే ఉంది. కాళ్లే కదుల్తలెవ్వు, లాస్ట్ బెంచ్.”

ఏ ధైర్యం చెప్పినా అది నా పీఆర్ కార్డు మాట్లాడినట్టే ఉంటుంది. బెల్లు కొట్టారు. ఈసారి నిజంగానే కొట్టారు. మేడమ్ లేచింది. కాగితం మడత వెస్ట్ లోపల ఉందో లేదో తడిమి చూసుకుంది. రెండు చేతులకూ గ్లోవ్స్ తొడుక్కుంది. ఫోన్ నా ముందే ఉంది, తీసుకోలేదు.

“గ్లోవ్స్‌తోని టైప్ కాదు” అంది. “నువ్వు కొట్టు.”

ఫోన్ తీసుకున్నాను.

“ఏం రాయను మేడమ్?”

సత్తిబాబు ఫోర్క్‌లిఫ్ట్ హారన్ కొడుతున్నాడు. ఆవిడ తలుపు దాకా నడిచి వెనక్కి తిరిగింది. గ్లోవ్ వేసుకున్న వేళ్లు నోటి దగ్గరకు తెచ్చుకుని ఉఫ్‌మని ఊదింది.

“మనీలా దాక వచ్చిన అని రాయి.”